విండోస్ మళ్లీ వేయించాక పాత మెయిళ్లు తిరిగి తెచ్చుకోవడం ఎలా?

"సిస్టమ్ ఫార్మాట్ కొట్టించానండి. మెయిళ్లన్నీ పోయాయి. ఎలా తెచ్చుకోవాలి?"

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న రాయగడలో నా చిన్న కంప్యూటర్ సర్వీసు షాపుకి ఈ ప్రశ్న నెలకి నాలుగైదు సార్లయినా వస్తుంది. గుణుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, అప్పుడప్పుడు పార్వతీపురం నుంచి కూడా ఫోన్ చేసి అడుగుతారు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, అప్పట్నుంచి పాత సిస్టమ్‌లు పట్టుకెళ్లి 11 ఎక్కించుకునేవాళ్లు పెరిగారు. దాంతో ఈ ఫోన్లూ పెరిగాయి. అందరికీ ఒకే జవాబు చెప్పలేను. ఎందుకంటే అసలు ప్రశ్న "ఎలా తెచ్చుకోవాలి" కాదు, "మీ మెయిళ్లు ఎక్కడ ఉండేవి" అన్నది. అది తేలితే సగం పని అయిపోయినట్టే. చాలామంది విషయంలో పోయినవేమీ ఉండవు కూడా.

ముందుగా ఒక్క మాట. మెయిళ్లు కనపడటం లేదని తెలిసిన క్షణం నుంచి ఆ కంప్యూటర్‌లో కొత్తగా ఏదీ ఎక్కించకండి. ఆఫీస్ వేయడం, సినిమాలు కాపీ చేయడం, అప్‌డేట్లు దించుకోవడం, అన్నీ ఆపండి. డిస్క్‌లో పాత ఫైలు ఉన్న చోట కొత్తది పడితే పాతది ఇంక ఎవరి చేతా కాదు. ఫోన్‌లో ఈ గైడు పూర్తిగా చదివాకే సిస్టమ్ ఆన్ చేయండి.

కావలసినవి

– ఇంకో కంప్యూటర్ గాని, కనీసం స్మార్ట్‌ఫోన్ గాని.
– ఖాళీగా ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ లేదా పెద్ద పెన్‌డ్రైవ్. మీ పాత మెయిల్ ఫైలు ఎంతుంటుందో తెలియదు కాబట్టి 64 జీబీకి తక్కువ వద్దు.
– మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్, దానికి ఇచ్చిన ఫోన్ నంబరు పనిచేసే సిమ్.
– పాత హార్డ్‌డిస్క్‌ని విడిగా చూడాల్సి వస్తే యూఎస్‌బీ టు సాటా కేబుల్. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ల్యాప్‌టాప్ డిస్క్ అయితే యూఎస్‌బీ కరెంటే సరిపోతుంది. డెస్క్‌టాప్‌ది పెద్ద డిస్క్ అయితే విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉన్న కేబులే కొనాలి, లేకపోతే డిస్క్ తిరగదు. తిరక్కపోయేసరికి డిస్క్ చచ్చిపోయిందనుకుని చెత్తలో వేసినవాళ్లు నాకు తెలుసు.
– ఓపిక, యూపీఎస్. మన వైపు వానాకాలం కరెంటు సంగతి చెప్పక్కర్లేదు కదా.

1. ముందు బ్రౌజర్‌లో చూడండి

అవుట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రామ్ ఏదీ వేయకముందే ఫోన్‌లోనో ఇంకో కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరిచి మీ మెయిల్‌లోకి లాగిన్ అవ్వండి. అక్కడ మీకు వచ్చినవీ, మీరు పంపినవీ పాతవన్నీ కనిపిస్తే మీకు ఏ నష్టమూ జరగలేదు. మీది చాలావరకు ఐమ్యాప్ పద్ధతి అయ్యుంటుంది, అంటే మెయిళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, కంప్యూటర్‌లో ఉండేది వాటి నకలు. ప్రోగ్రామ్ వేసి అకౌంట్ మళ్లీ కలుపుకుంటే చాలు, నేరుగా 7వ అంచెకి వెళ్లిపోండి.

ఇన్‌బాక్స్‌లో ఈ మధ్యవి మాత్రమే ఉండి పాతవి లేకపోతే మీది పాప్ పద్ధతి అయ్యుండొచ్చు. పోస్టాఫీసు నుంచి ఉత్తరాలు తెచ్చి ఇంట్లో బీరువాలో పెట్టుకోవడం లాంటిది అది. బీరువా మీ కంప్యూటరే.

కంగారు పడేముందు జీమెయిల్ వాడేవాళ్లు రెండు చోట్ల చూడండి. ఒకటి ఆల్ మెయిల్. పాప్ సెట్టింగ్‌లో "ఆర్కైవ్" అని పెట్టి ఉంటే దించుకున్న ప్రతి మెయిలూ ఇన్‌బాక్స్ నుంచి మాయమై ఆల్ మెయిల్‌లో కూర్చుంటుంది. రెండోది ట్రాష్. "డిలీట్" అని పెట్టి ఉంటే అక్కడికి వెళ్తాయి. 30 రోజులే ఉంటాయి, ఆలస్యం చేయకండి. ఆల్ మెయిల్‌లో దొరికితే జీమెయిల్ సెట్టింగ్స్‌లో పాప్ దగ్గర "అన్ని మెయిళ్లకూ పాప్" అన్న దాన్ని ఎంచుకోండి. ఇదివరకు దించినవి కూడా మళ్లీ దిగుతాయి. నా సలహా అడిగితే అది కూడా వద్దు, ఈసారి ఐమ్యాప్‌కి మారిపోండి.

ఇన్‌బాక్స్ దొరికిందని సంబరపడి సెంట్ మెయిల్ చూడటం మరిచిపోతుంటారు. మీ సంస్థ పేరుతో ఉన్న ఐడీని పాప్‌లో వాడుతుంటే, కంప్యూటర్ నుంచి మీరు పంపినవి సర్వర్‌లో దాదాపు ఉండవు. అవి ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. బిల్లు పెట్టడానికో కోర్టు పనికో జనానికి కావలసింది ఎక్కువగా తాము పంపిన మెయిలే. ఇన్‌బాక్స్ దొరికినా సెంట్ కోసం కింది అంచెలు చేయాల్సిందే.

పాస్‌వర్డ్ గుర్తు లేదా? మీరు రోజూ మెయిల్ చూసుకునే ఫోన్ నుంచి, రోజూ ఉండే చోటు నుంచే రికవరీ ప్రయత్నించండి. నెట్ సెంటర్‌కి వెళ్లి కొత్త కంప్యూటర్‌లో పది సార్లు కొడితే గూగుల్‌కి మీ మీదే అనుమానం వస్తుంది. ఆ ఐడీకి ఇచ్చిన ఆంధ్రా సిమ్ వాడకుండా డ్రాయర్‌లో పడేసి ఉంటే ముందు అది బతికుందో లేదో చూసుకోండి. 90 రోజులు వాడకపోతే, బ్యాలెన్సూ లేకపోతే నంబరు పోయే ప్రమాదం ఉంది. రెండేళ్లు ముట్టని గూగుల్ అకౌంట్‌ని, పన్నెండు నెలలు తెరవని యాహూ మెయిల్‌బాక్స్‌ని వాళ్లు ఖాళీ చేసేయొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

2. విండోస్ వేసిన మనిషిని మూడు ప్రశ్నలు అడగండి

చాలామంది ఈ అంచె దాటేసి నేరుగా రికవరీ సాఫ్ట్‌వేర్ మీద పడతారు. ఒక్క ఫోన్ కాల్‌తో తేలే పనికి రెండు రోజులు పోగొట్టుకుంటారు.

మొదటి ప్రశ్న: సీ డ్రైవ్ ఫార్మాట్ చేశారా, పార్టిషన్లు (సీ, డీ లాంటి డిస్క్ భాగాలు) తీసేశారా, లేక ఉన్నదాని మీదే వేశారా? ఉన్నదాని మీదే వేస్తే 3వ అంచెలోనే మీ పని అయిపోతుంది.

రెండోది: బ్యాకప్ తీశారా, తీస్తే ఏయే ఫోల్డర్లు? షాపులో "బ్యాకప్" అంటే సాధారణంగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఫొటోలు. వాటిని డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పడేస్తారు. అవుట్‌లుక్ 2010, ఆ తర్వాతి వాటిలో పాప్ మెయిల్ ఫైలు డాక్యుమెంట్స్‌లోని "అవుట్‌లుక్ ఫైల్స్" అనే ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి ఈ బ్యాకప్‌లో వచ్చేస్తుంది. థండర్‌బర్డ్ మెయిళ్లు మాత్రం యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. దాన్ని ఎవరూ కాపీ చేయరు.

మూడోది: ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే స్పీడైన డిస్క్) వేశారా? వేస్తే పాత హార్డ్‌డిస్క్ ఎక్కడుంది? విండోస్ 11 వేయించినప్పుడు స్పీడు కోసం ఎస్‌ఎస్‌డీ కూడా వేయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. అప్పుడు పాత డిస్క్ ఫార్మాట్ కాకుండానే డబ్బాలోనో, కేబినెట్‌లో రెండో డ్రైవ్‌గానో, షాపు టేబుల్ కిందో ఉంటుంది. అది మీదే, అడిగి తెచ్చుకోండి.

నా సొంత కథ ఒకటి చెప్పాలి. ఈ పని నేర్చుకోకముందు నా కంప్యూటర్ ఒక షాపులో ఇచ్చాను. సాయంత్రం వెళ్తే కుర్రాడు స్క్రీన్ తిప్పి చూపించి, "సబు ఠిక్ అఛి" (అంతా బాగానే ఉంది) అన్నాడు. డెస్క్‌టాప్ మీద ఫొటోలు, ఫైళ్లు అన్నీ చెక్కు చెదరలేదు. డబ్బులిచ్చి వచ్చేశాను. మెయిల్ గురించి అతను అడగలేదు, నేను చెప్పలేదు. పదిహేను రోజుల తర్వాత ఒక పాత ఉత్తరం అవసరమై వెతికితే నాలుగేళ్ల సెంట్ మెయిల్ లేదు. ఆ పదిహేను రోజుల్లో ఆ డిస్క్ మీద నేనే బోలెడు పాటలు నింపాను. పైన ఏదీ ఎక్కించవద్దని అంత గట్టిగా చెప్పింది అందుకే.

3. విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ వెతకండి

ఫార్మాట్ చేయకుండా ఉన్నదాని మీద విండోస్ వేస్తే పాత విండోస్ మొత్తం సీ డ్రైవ్‌లో "విండోస్ డాట్ ఓల్డ్" అనే ఫోల్డర్‌లోకి చేరుతుంది. అప్‌గ్రేడ్ అయిన పది రోజులకి దాన్ని విండోస్ తనంతట తానే తుడిచేస్తుంది. డిస్క్ క్లీనప్ నడిపితే ఇంకా ముందే పోతుంది.

గుణుపురం నుంచి ఒక రిటైర్డ్ మేష్టారు సీపీయూ ఒళ్లో పెట్టుకుని ఆటో దిగారు ఒకసారి. పెన్షన్ తేడా గురించి ఆఫీసులకి రాసిన మెయిళ్లు, వాళ్ల జవాబులు అన్నీ పాప్‌లో ఉండేవి. విండోస్ వేయించి ఎనిమిది రోజులైంది. సీ డ్రైవ్ తెరిచి చూస్తే ఆ ఫోల్డర్ ఉంది. "ఏటి బాబూ, ఇక పోయినట్టేనా?" అని ఆయన అడుగుతుండగానే కాపీ మొదలుపెట్టేశాను. ఇంకో మూడు రోజులు ఆగి వచ్చుంటే అవునండీ అనాల్సి వచ్చేది.

మీరు చేయాల్సింది ఇది:

అ) ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ ఆన్ చేయండి. ఇది చేయకపోతే యాప్‌డేటా కనపడదు.

ఆ) విండోస్ డాట్ ఓల్డ్, అందులో యూజర్స్, అందులో మీ పాత యూజర్ పేరు తెరవండి. "అనుమతి లేదు" అని వస్తే కంటిన్యూ నొక్కండి. అడ్మిన్ అకౌంట్‌లో ఉండాలి.

ఇ) ఆ యూజర్ ఫోల్డర్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఏది కావాలో ఏరుకోవద్దు, మొత్తం తీసుకోండి. కట్ చేసి పేస్ట్ చేయవద్దు, కాపీయే. మధ్యలో కరెంటు పోతే కట్ చేసిన ఫైలు అటూ ఇటూ కాకుండా పోవచ్చు.

ఈ) కాపీ అయ్యాక రెండు వైపులా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు, ఫైళ్ల సంఖ్య పోల్చండి. కొన్ని తాత్కాలిక ఫైళ్లు తగ్గితే ఫర్వాలేదు, జీబీల్లో తేడా ఉంటే మళ్లీ చేయండి.

4. ఫైలు ఎక్కడుందో కనిపెట్టండి

ఇప్పుడు మీ దగ్గర పాత యూజర్ ఫోల్డర్ గాని, షాపు బ్యాకప్ గాని, పాత డిస్క్ గాని ఉంది. పాత డిస్క్‌ని కేబుల్‌తో తగిలించగానే "ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. ఎన్నిసార్లు అడిగినా క్యాన్సిలే. 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ అడిగితే అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుందేమో చూడండి. ఆ కీ లేకుండా ఆ డిస్క్ తెరుచుకోదు, ఎవరైనా తెరుస్తామని డబ్బులడిగితే ఇవ్వకండి.

మీరు వాడిన ప్రోగ్రామ్‌ని బట్టి చూడాల్సిన చోటు మారుతుంది.

అవుట్‌లుక్: పీఎస్‌టీ అనే తోక (ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలు) ఉన్న ఫైలు. 2010 నుంచి డాక్యుమెంట్స్‌లోని అవుట్‌లుక్ ఫైల్స్‌లో, 2007 దాకా యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, అవుట్‌లుక్‌లో. డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్‌కి (ఫైళ్లని నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు) కలిపి ఉంటే బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి అక్కడా చూడండి.

థండర్‌బర్డ్: యాప్‌డేటా, రోమింగ్, థండర్‌బర్డ్, ప్రొఫైల్స్. అందులో అర్థం లేని అక్షరాలతో మొదలయ్యే పేరున్న ఫోల్డరే మీ ప్రొఫైల్. దానిలో పాప్ మెయిళ్లు "మెయిల్" ఫోల్డర్‌లో, ఐమ్యాప్‌వి "ఐమ్యాప్‌మెయిల్" ఫోల్డర్‌లో ఉంటాయి.

విండోస్ లైవ్ మెయిల్: యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్ లైవ్ మెయిల్. ప్రతి మెయిలూ ఒక ఈఎంఎల్ ఫైలు. మైక్రోసాఫ్ట్ దీన్ని 2017 జనవరిలోనే వదిలేసినా మన వైపు ఇంకా వాడేవాళ్లున్నారు.

ఎక్స్‌పీ కాలం నాటి అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్: డీబీఎక్స్ ఫైళ్లు.

ఏదీ కనపడకపోతే ఎక్స్‌ప్లోరర్‌లో డీ, ఈ డ్రైవ్‌లు ఒక్కొక్కటే తెరిచి, వెతికే గడిలో నక్షత్రం గుర్తు, చుక్క, ఆ పక్కనే పీఎస్‌టీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. అలాగే ఈఎంఎల్, డీబీఎక్స్ కూడా. ఎప్పుడో ఎవరో పేరు మార్చి పెట్టిన బ్యాకప్ ఇలా బయటపడటం చాలాసార్లు చూశాను.

ఏ ఫైలు దొరికినా దాన్ని నేరుగా తెరవకండి. ముందు ఇంకో నకలు తీసి, నకలు మీదే పని చేయండి.

5. దొరికిన ఫైలుని కొత్త ప్రోగ్రామ్‌లోకి తేవడం

థండర్‌బర్డ్‌కి నేను చేసే పద్ధతి ఇది. ప్రొఫైల్ మొత్తం మార్చే పద్ధతి కూడా ఉంది, కానీ వెర్షన్ తేడా వస్తే తెరవనని మొండికేస్తుంది. కొత్తవాళ్లకి కింది దారే సులువు.

కొత్త థండర్‌బర్డ్ వేసి ఒకసారి తెరిచి మూసేయండి. దాని ప్రొఫైల్ ఫోల్డర్‌లో మెయిల్, అందులో లోకల్ ఫోల్డర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. పాత ప్రొఫైల్‌లో ఇన్‌బాక్స్, సెంట్ అనే పేర్లతో ఏ తోకా లేని పెద్ద ఫైళ్లు కనిపిస్తాయి. మీ మెయిళ్లన్నీ వాటిలోనే ఉంటాయి. పక్కనే అదే పేరుతో ఎంఎస్‌ఎఫ్ తోక ఉన్న చిన్న ఫైళ్లు ఉంటాయి. అవి పుస్తకం ముందు విషయసూచిక లాంటివి, వాటిని వదిలేయండి. పెద్ద ఫైలు పేరుని "పాత ఇన్‌బాక్స్", "పాత సెంట్" అని మార్చి (పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి) కొత్త లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేయండి. థండర్‌బర్డ్ తెరిస్తే ఎడమ పక్కన లోకల్ ఫోల్డర్స్ కింద అవి ప్రత్యక్షమవుతాయి. పెద్ద ఫైలయితే మొదటిసారి తెరవగానే కాసేపు కదలకుండా ఉండిపోతుంది. హ్యాంగ్ అయిందని ఆపేయకండి, సూచిక కట్టుకుంటోంది.

రెండు తప్పులు పదే పదే చూస్తాను. థండర్‌బర్డ్ తెరిచి ఉండగానే కాపీ చేయడం ఒకటి. పేరు మార్చకుండా కాపీ చేసి, ఉన్న ఫైలు మీదే రాసేయడం ఇంకోటి.

అవుట్‌లుక్ అయితే పీఎస్‌టీ ఫైలుని సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. పెన్‌డ్రైవ్‌లోంచి నేరుగా తెరవొద్దు, వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనూ పెట్టొద్దు. ఫైల్ మెనూలో ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్, ఓపెన్ అవుట్‌లుక్ డేటా ఫైల్. ఎడమ పక్కన పాత ఫోల్డర్లు కొత్త పేరుతో వచ్చేస్తాయి. ఇంపోర్ట్ అన్నది కూడా ఉంది గాని, తొందరపడి అది చేస్తే పాతవీ కొత్తవీ కలిసిపోయి ఒక్కో మెయిలు రెండేసి సార్లు కనపడుతుంది. ముందు తెరిచి చూడండి, నచ్చితే తర్వాత కలుపుకోవచ్చు. విండోస్ 11తో వచ్చే కొత్త అవుట్‌లుక్‌ని ఈ పనికి నమ్ముకోకండి, ఆఫీస్‌తో వచ్చే పాత రకం, అంటే క్లాసిక్ అవుట్‌లుక్ ఉండాలి.

తెరవకుండా ఎర్రర్ వస్తే ముందు ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్కు ఉందేమో చూడండి. పాత సీడీలోంచి కాపీ చేసిన ఫైళ్లకి ఈ టిక్కు పడి ఉంటుంది, తీసేస్తే చాలు. అప్పటికీ రాకపోతే ఆఫీస్‌తో పాటే వచ్చే స్కాన్‌పీఎస్‌టీ అనే రిపేరు ప్రోగ్రామ్ నడపండి. రిపేరుకి ముందు బ్యాకప్ తీయమంటారా అని అడుగుతుంది, అవునని చెప్పండి. ఒక్కసారితో ఆపకండి, తప్పులు ఏమీ లేవనేదాకా మళ్లీ మళ్లీ నడపాలి. 2002 వరకు వచ్చిన అవుట్‌లుక్‌లో చేసిన ఫైలయితే దానికి 2 జీబీ పరిమితి ఉంది. ఆ అంచుకి చేరిన ఫైళ్లే ఎక్కువగా పాడవుతాయి.

ఓఎస్‌టీ తోక ఉన్న ఫైలు దొరికినవాళ్లు గమనించాలి. అది ఐమ్యాప్ లేదా ఎక్స్‌చేంజ్ (ఆఫీసుల్లో వాడే మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) అకౌంట్ నకలు. దాన్ని కొత్త సిస్టమ్‌లో అవుట్‌లుక్ నేరుగా తెరవదు. సర్వర్‌లో మెయిళ్లు ఉంటే దాని అవసరమే లేదు.

సర్వర్‌లో లేకుండా థండర్‌బర్డ్ ఐమ్యాప్‌మెయిల్ ఫోల్డర్ మాత్రమే దొరికితే (సంస్థ పాత డొమైన్ మూసేసినప్పుడు ఇలా జరుగుతుంది) నెట్ తీసేసి పని చేయండి. నెట్ ఉండగా పాత ప్రొఫైల్ తెరిస్తే, ఖాళీ సర్వర్‌ని చూసి అది మీ దగ్గరున్నవి కూడా ఖాళీ చేసేయొచ్చు. పైన చెప్పినట్టే ఫైళ్లని లోకల్ ఫోల్డర్స్‌లోకి చేర్చాకే నెట్ పెట్టండి.

6. ఫార్మాట్ అయిపోయిన డిస్క్‌లోంచి

ఇది చివరి దారి, అందరికీ ఫలించదు. మీది మామూలు హార్డ్‌డిస్క్ అయి, క్విక్ ఫార్మాట్ మాత్రమే చేసి, ఆ తర్వాత పెద్దగా వాడకపోతే ఆశ ఉంది. ఫుల్ ఫార్మాట్ చేసి ఉంటే లేదు, విస్టా కాలం నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాసేస్తుంది. ఎస్‌ఎస్‌డీ అయితే దాదాపు లేనట్టే. ఫార్మాట్ అయిన చోటుని ట్రిమ్ అనే పద్ధతిలో ఎస్‌ఎస్‌డీ తానే ఖాళీ చేసేసుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ నుంచి తీసిస్తామని ముందే డబ్బులు తీసుకునేవాళ్లతో జాగ్రత్త.

డిస్క్‌ని విప్పి ఇంకో కంప్యూటర్‌కి కేబుల్‌తో తగిలించండి. రికవరీ సాఫ్ట్‌వేర్ ఆ ఇంకో కంప్యూటర్‌లోనే వేయాలి, దొరికిన ఫైళ్లు కూడా అందులోకే సేవ్ చేయాలి. పాత డిస్క్ మీద ఒక్క అక్షరం రాయకూడదు. అలాంటి సాఫ్ట్‌వేర్లలో రెకువా వాడటం సులువు. ఫొటోరెక్ ఉచితం. పేరు ఫొటోదే గాని పీఎస్‌టీ, డీబీఎక్స్‌లని కూడా పట్టుకుంటుంది. అయితే ఫైలు పేర్లు రావు, వందల ఫైళ్లు అంకెల పేర్లతో వచ్చి పడతాయి. సైజు ప్రకారం వరస పెట్టి పెద్దవాటితో మొదలుపెట్టండి. 500 జీబీ డిస్క్‌కి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి, యూపీఎస్ మీద.

ఇదీ ఫలించకపోతే బయట చూడాలి. అవే మెయిళ్లు ఎవరికి వెళ్లాయో వాళ్లని ఫార్వర్డ్ చేయమనండి. పాత ఫోన్‌లో అదే ఐడీ పెట్టి ఉంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తెరిచి చూడండి. పర్లాకిమిడిలో ఒక కాంట్రాక్టర్‌గారి వర్క్ ఆర్డర్ పీడీఎఫ్ చివరికి ఆయన బావమరిది ఫోన్‌లో దొరికింది.

7. అన్నీ వచ్చాయో లేదో సరిచూసుకోవడం

"వచ్చేశాయి" అనుకుని పాత ఫోల్డర్ డిలీట్ చేసేవాళ్లు మళ్లీ నా దగ్గరికే వస్తారు. ముందు ఇవి చూడండి.

ఇన్‌బాక్స్‌ని తేదీ ప్రకారం తిరగేసి అన్నిటికంటే పాత మెయిల్ తేదీ చూడండి. మీకు గుర్తున్న కాలానికి సరిపోవాలి. సరిగ్గా ఏడాది దగ్గర ఆగిపోతే మెయిళ్లు పోలేదు, అవుట్‌లుక్‌లో "మెయిల్ టు కీప్ ఆఫ్‌లైన్" పన్నెండు నెలలకి పెట్టి ఉందని అర్థం. దాన్ని ఆల్ దాకా జరపండి. జీమెయిల్‌లో అయితే ఐమ్యాప్ ఫోల్డర్‌కి ఇన్ని మెయిళ్లే అన్న పరిమితి పెట్టి ఉందేమో చూడండి.

సెంట్ ఫోల్డర్ విడిగా చూడండి. ఏడాదికి ఒకటి చొప్పున మీకు బాగా గుర్తున్న మెయిళ్లు నాలుగైదు వెతికి, వాటి అటాచ్‌మెంట్లు తెరిచి చూడండి. మెయిల్ వచ్చి అటాచ్‌మెంట్ తెరుచుకోకపోతే ఆ ఫైలు సగమే వచ్చిందని అర్థం, మొదటి నకలు నుంచి మళ్లీ చేయాలి. ఫైలు సైజు కూడా ఒకసారి చూడండి. 3 జీబీ ఫైలు పెట్టాక రెండొందల మెయిళ్లే కనిపిస్తే సూచిక తప్పింది. థండర్‌బర్డ్‌లో ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రిపేర్ ఫోల్డర్ నొక్కండి.

రోజుకి 2 జీబీ మొబైల్ డేటా మీద నడిచే ఇళ్లలో ఐమ్యాప్ పూర్తిగా దిగడానికి రోజులు పడుతుంది. జీమెయిల్ ఉచిత చోటు 15 జీబీ, అది నిండా ఉంటే లెక్క మీరే వేసుకోండి. థండర్‌బర్డ్ సింక్ సెట్టింగ్‌లో ముందు ఆరు నెలలవి మాత్రమే దించుకునేలా పెట్టి, మిగతావి వైఫై దొరికినప్పుడు తెచ్చుకోండి. మధ్యలో ఖాళీ ఫోల్డర్లు చూసి టెన్షన్ పడొద్దు.

పాస్‌వర్డ్ కరెక్టే గాని ప్రోగ్రామ్ ఒప్పుకోవడం లేదంటే జీమెయిల్‌లో ఇప్పుడు మామూలు పాస్‌వర్డ్‌తో పాత ప్రోగ్రామ్‌లు కలవవు. కొత్త థండర్‌బర్డ్ అయితే గూగుల్ లాగిన్ పేజీయే తెరుస్తుంది. పాత అవుట్‌లుక్ అయితే రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది పెట్టాలి.

ఇక మన సరిహద్దు వాళ్లకే వచ్చే తంటా ఒకటుంది. మెయిల్ వచ్చింది, అటాచ్‌మెంట్ తెరుచుకుంది, లోపల చూస్తే తెలుగు లేదు, ఒడియా లేదు, ఏవో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. ఫైలు పాడైందని ఏడ్చేస్తారు. పాడవలేదు. ఆ రోజుల్లో తెలుగుని అను ఫాంట్లలో, ఒడియాని ఆకృతి ఫాంట్లలో కొట్టేవారు. విండోస్ కొత్తగా వేసినప్పుడు ఆ ఫాంట్లు పోయాయి, అంతే. టైపు చేసిన డీటీపీ సెంటర్లో అడిగి ఆ ఫాంట్ వేసుకుంటే అక్షరాలు వెనక్కి వస్తాయి. మేష్టారి పెన్షన్ అర్జీలు కూడా అలాగే కనిపించాయి మొదట. విండోస్ డాట్ ఓల్డ్‌లోనే, పాత విండోస్ తాలూకు ఫాంట్స్ ఫోల్డర్‌లో ఆ ఫాంట్ దొరికింది. వేసి ఫైలు మళ్లీ తెరిచాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మొదటి పేరా చదివి, అందులో ఒక అచ్చుతప్పు చూపించారు.